మా అమ్మ దాచిన తాళం చెవి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. కానీ అది ప్రతి సంచికలోనూ వస్తుంది, నాకంటే బాగా రాసే అన్నలు ఉన్నారు. అందుకే మా ఇంటి సంగతి ఒకటి రాస్తున్నాను. మా నాయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. "పేరు మాత్రం ఎయ్యొద్దురా" అన్నాడు.

మా నాయన బంగారుపాళ్యం బస్టాండు నుంచి పల్లెలకు ఆటో తోలుతాడు. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు మార్కెట్ యార్డు బయట రోడ్డు పొడవునా నిలబడతాయి కదా, ఆయనకు నాలుగు డబ్బులు వచ్చేది అప్పుడే. తాగుడు ఎక్కువయ్యేదీ అప్పుడే.

హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా ఒకటే తంతు. నాయన తాగి వచ్చి, ఇంకో ట్రిప్పు ఉందని మళ్ళీ బయలుదేరతాడు. అమ్మ అప్పటికే తాళం చెవి తీసి బియ్యం డబ్బాలో వేసి ఉంటుంది.

"బీగం చెవి యాడ పెట్టినావే?"

"నాకేం తెలుసు? నువ్వే యాడో పారేసుకోనుంటావు."

"నేను బాగానే ఉండాను. ఇయ్యి."

అమ్మ ఇవ్వదు. తిట్లు తింటుంది, ఒక్కోసారి దెబ్బలు కూడా. నేను డబ్బా పక్కనే పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక్క అక్షరం ఎక్కేది కాదు.

2022లో అక్క పురిటికని అమ్మ ఊరికి పోయింది. తాళం చెవి దాచేవాళ్ళు లేరు. ఆ వారంలోనే రాత్రి హైవే మీద పోలీసులు నాయన చేత ఊదించారు. ప్రయాణికులు ఎవరూ లేరు, ఎవరికీ ఏమీ కాలేదు. అది మా అదృష్టమే గాని ఆయన గొప్ప కాదు.

ఈ చట్టం మనలో చాలామందికి సరిగా తెలియదు కాబట్టి రాస్తున్నాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షను ఇది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 80 దాకా ఊరుకుంటారు, ఆ లెక్కన మన చట్టమే గట్టిది. మొదటిసారికి ఇదివరకు జరిమానా రెండువేల లోపే ఉండేది. 2019 సెప్టెంబరు 1 నుంచి అది పదివేలయింది. ఆరు నెలల దాకా జైలు కూడా వేయవచ్చు. రెండోసారి దొరికితే పదిహేనువేలు, జైలైతే రెండేళ్ళ దాకా. హెల్మెట్ చలానా మాదిరి అక్కడికక్కడ కట్టి వచ్చేది కాదు, కోర్టుకు పోవాలి.

కోర్టుకు నేనూ పోయాను. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నాయన ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని వరుసలో నిలబడ్డాడు. జడ్జి గారు అడిగితే "తాగినాను సార్" అన్నాడు. అబద్ధం ఆడనందుకు సంతోషించాలో, ఏడవాలో నాకు తెలియలేదు. పదివేలు జరిమానా పడింది, లైసెన్సు ఆరు నెలలు పోయింది. అమ్మ పొదుపు సంఘంలో అప్పు తెచ్చి కట్టింది. ఆ ఆరు నెలలు ఆటో వాకిట్లో పట్టా కప్పుకుని ఉంది. అమ్మ కూలికి పోయింది. శిక్ష నాయనకు పడింది, కట్టింది అమ్మ.

పీజీలో సెమినారుకు అంశం వెతుకుతుంటే ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ అనే యంత్రం గురించి చదివాను. బండి తోలే మనిషి ముందుగా ఒక గొట్టంలోకి ఊదాలి. ఊపిరిలో ఆల్కహాలు ఉంటే లోపలి సెన్సారులో అది ఆక్సీకరణం చెంది కొద్దిగా కరెంటు పుడుతుంది. ఆ కరెంటు హద్దు దాటితే ఇంజను స్టార్టు కాదు. పక్కవాడి చేత ఊదించి మోసం చేస్తారని, దారిలో కూడా మధ్య మధ్య ఊదమంటుంది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం 2005లో మొదటిసారి దొరికినవాళ్ళతో సహా అందరికీ దీన్ని తప్పనిసరి చేసింది. ఖర్చు మామూలుగా దొరికినవాడే పెట్టుకోవాలి. మన దేశంలో ఇలాంటి నిబంధన లేదు. మన ఆర్టీసీ డిపోల్లో మాత్రం డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్ల చేత ఊదిస్తారు.

చదువుతుంటే నాకు బియ్యం డబ్బా గుర్తుకొచ్చింది. ఆ యంత్రం చేసే పని మా అమ్మ పదేళ్ళు చేసింది. యంత్రాన్నయితే ఎవరూ కొట్టరు. పైగా తాగని రోజు బండి కదులుతుంది, ఇల్లు గడుస్తుంది. అందుకే ఆరు నెలలు లైసెన్సు తీసేయడం కంటే ఇదే మేలని సెమినారులో చెప్పాను. ఒక మిత్రుడు లేచి, "చేత్తో లివరు లాగి స్టార్టు చేసే పాత ఆటోకు దాన్ని ఎక్కడ బిగిస్తావు?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. మా ఆటో అలాంటిదే.

బైకుల సంగతి అసలే కష్టం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బెంగుళూరు పోయే బస్సు తగలబడి పంతొమ్మిది మంది ప్రయాణికులు చనిపోయారు. రోడ్డు మీద పడి ఉన్న ఒక బైకు బస్సు కిందికి పోయి మంటలు లేచాయి. బైకు నడిపిన కుర్రవాడు తాగి ఉన్నాడని పరీక్షల్లో తేలింది. అతనూ చనిపోయాడు. బస్సు డ్రైవరుకు ఎన్నిసార్లు ఊదించినా ఆ రాత్రి ఏం లాభం?

హైవేల పక్కన మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో చెప్పింది. దూరం మొదట 500 మీటర్లు అన్నారు, చిన్న ఊళ్ళకు తర్వాత 220కి తగ్గించారు. ఆటో ఉన్నవాడికి 220 మీటర్లు ఒక దూరమా!

నాయన తాగుడు మానేశాడని రాయలేను. ఇప్పుడు ఆటో వాకిట్లో పెట్టి, తాళం చెవి అమ్మ చేతికిచ్చి, నడిచిపోయి తాగి వస్తున్నాడు.

ఇక మన సంగతి. వార్షికోత్సవం రాత్రి భోజనాలయ్యాక పాత విద్యార్థులం బైకుల మీద హైవే పక్క ధాబాకు పోవడం అలవాటు. పోయినసారి తిరిగొచ్చేటప్పుడు ఎవరు ఎలా తోలారో మనకు తెలుసు. ఈసారి బండ్ల తాళాలన్నీ మెస్ గదిలో ఒక డబ్బాలో వేసి, తెల్లవారాకే తీసుకుందామని మా బ్యాచి వాళ్ళకు ఫోన్లు చేశాను. పదకొండు మందిలో నలుగురు సరేనన్నారు. డబ్బా నేనే తెస్తున్నాను.