41వ నంబరు కుర్రాడు

బేస్‌బాల్ మన ఇళ్లలో ఎవరికీ పట్టని ఆట. మా ఆపా కొడుకు నాష్‌విల్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో, ఫోన్ చేసినప్పుడల్లా వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ టీం కబుర్లే చెప్పేవాడు. "ఒక్కసారి చూడండి మామూ, మన క్రికెట్‌కి చుట్టమే" అనేవాడు. ఆ చుట్టరికం నాకు అర్థం కావడానికి చాలా వక్త్ పట్టింది. కానీ 2019లో ఆ టీం ఆడిన సీజన్ సంగతి పూర్తిగా తెలిశాక అది దిల్‌లో ఉండిపోయింది. ఎందుకో మీతో చెప్పుకోవాలని ఉంది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. బాల్ విసిరేవాడు పిచ్చర్. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ ఔట్. ముగ్గురు ఔటైతే అవతలి టీం బ్యాటింగ్‌కి వస్తుంది. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్. అంటే గెలవాలంటే అవతలి వాళ్లవి 27 ఔట్లు తీయాలి. ఆట మొత్తంలో ఎవరికీ ఒక్క హిట్ కూడా ఇవ్వకపోతే దాన్ని నో-హిట్టర్ అంటారు. ఎంతో మంది పిచ్చర్లకు జిందగీ మొత్తంలో ఒక్కసారి కూడా దక్కని ఇజ్జత్ అది.

ఆ ఏడాది వాండర్‌బిల్ట్ మహా జోరు మీద ఉంది. కోచ్ టిమ్ కార్బిన్. జేజే బ్లెడే అనే కుర్రాడు 27 హోమ్ రన్లు కొట్టి, దేశంలోని కాలేజీ ఆటగాళ్లందరిలో ముందున్నాడు. అలాంటి టీం జూన్ 7న, సొంత మైదానంలో, డ్యూక్ యూనివర్సిటీ చేతిలో 18-5 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. మూడు ఆటల పోటీ అది. ఇంకొక్కటి ఓడితే సీజన్ ఖతం.

మర్నాడు బాల్ అందుకున్నది 19 ఏళ్ల ఫ్రెష్‌మన్. పేరు కుమార్ రాకర్. అవును, కుమారే. వాళ్ల అమ్మ తరఫు నానా, నానీ ఇండియా నుంచి వెళ్లినవాళ్లు. నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసిన ఆటగాడు. ఆ సాయంత్రం కుమార్ 131 బాల్స్ విసిరాడు. 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. డ్యూక్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఆ దశ పోటీల్లో నో-హిట్టర్ అదే మొదటిది. స్కోరు 3-0. నిన్న 18 రన్లు బాదినవాళ్లు ఇవాళ నోరెత్తలేకపోయారు. ఆ మరుసటి రోజు 13-2తో గెలిచి టీం ఒమాహా బయల్దేరింది. కాలేజీ టీంల ఆఖరి పోటీ ఏటా జరిగేది ఆ ఊళ్లోనే.

మా భాంజా కుమార్ గురించే చెప్పి మురిసిపోయేవాడు. పరాయి దేశంలో మన పేరొకటి వినబడితే ఎవరికైనా ఖుషీయే. నా మనసు మాత్రం ఇంకో కుర్రాడి దగ్గర ఆగిపోయింది. అతను ఆ సీజన్‌లో ఒక్క బాల్ కూడా విసరలేదు.

అతని పేరు డానీ ఎవరెట్. టెన్నెసీ పిల్లవాడే. జెర్సీ నంబరు 41. మెరుపులా బాల్ విసిరే పిచ్చర్. 2016లో ఫ్రెష్‌మన్. ఆ జూన్ 2న దోస్తులతో కలిసి నార్మండీ చెరువుకి చేపలు పట్టడానికి వెళ్లాడు. నీళ్లలో దిగి ఈదుతూ మునిగిపోయాడు. వయసు 19. అప్పుడే సొంత మైదానంలో టోర్నమెంట్ మొదలుకావలసి ఉంది. దోస్తు పోయిన ఆ పిల్లలు బ్యాట్లు పట్టుకుని దిగారు. ఆడిన రెండు ఆటలూ ఓడి ఇంటికెళ్లారు. ఆ రెండు ఆటల్లో వాళ్ల చేతులు ఎలా ఆడాయో!

డానీతో కలిసి చేరిన పిల్లలు 2019 నాటికి సీనియర్లు. ఆఖరి ఏడాది. మూడేళ్లుగా వాళ్లు అతని పేరు వదల్లేదు, 41ని మరవలేదు.

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పాలి. మా తమ్ముడు మున్నా ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, ఒక ఆగస్టులో, ఊరి కాలువలో ఈతకని వెళ్లి మళ్లీ రాలేదు. గల్లీలో టెన్నిస్ బాల్‌తో వాడంత వేగంగా బౌలింగ్ చేసేవాడు లేడు. వాడి జనాజా లేచిన రోజు నుంచి మా ఇంట్లో వాడి పేరు ఆగిపోయింది. అమ్మీ ముందు అంటే ఆమె కుప్పకూలుతుందని ఖౌఫ్. అబ్బా ముందు అంటే ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అందరం ఒకే మాట మీద ఉన్నట్టు నోళ్లు కట్టుకున్నాం. దాన్నే సబర్ అనుకున్నారు చుట్టాలు. మా పిల్లలకి తమకొక చాచా ఉండేవాడని చాలా ఏళ్ల దాకా తెలియదు.

అందుకే ఒమాహాలో ఒక ఆట నాకు మరీ ముఖ్యం. లూయివిల్‌తో ఆట. ఆఖరి ఇన్నింగ్స్‌లో వాండర్‌బిల్ట్ 2-1తో వెనకబడి ఉంది. అప్పుడు డబుల్ కొట్టి స్కోరు సమం చేసినవాడు ఈథన్ పాల్, డానీ బ్యాచ్ కుర్రాడు. తర్వాత ఫిలిప్ క్లార్క్ ఇంకో డబుల్ కొట్టి 3-2తో గెలిపించాడు. ఫైనల్లో మిషిగన్ మొదటి ఆట 7-4తో గెలిచింది. మళ్లీ అదే ఇరకాటం, మళ్లీ కుమారే. 11 స్ట్రైకౌట్లు, 4-1. జూన్ 26న మూడో ఆట 8-2. కప్ వాండర్‌బిల్ట్‌ది. 59 గెలుపులు, 12 ఓటములు. అత్యుత్తమ ఆటగాడు కుమార్.

గెలుపు గమ్‌ని తుడిచేస్తుందని నేననను. కప్ వచ్చినంత మాత్రాన ఆ తల్లికి కొడుకు తిరిగి రాడు. నాకు నచ్చింది వేరే. ఆ పిల్లలు పోయినవాణ్ని దాచిపెట్టలేదు. కొత్తగా చేరిన కుమార్ లాంటివాళ్లకి కూడా తాము చూడని దోస్తు పేరు తెలిసేలా ఉంచారు.

ఈ కథంతా ఒక రాత్రి అమ్మీకి చెప్పాను. ఆమెకి స్ట్రైకౌట్లు అక్కర్లేదు. చెరువు దగ్గర ఆపి, "ఆ పిల్లాడికి ఈత వచ్చా?" అని అడిగింది. కాసేపు పల్లూతో కళ్లు తుడుచుకుని, "మున్నాకి బాగానే వచ్చు. నీళ్లు ఎక్కువొచ్చాయి, అంతే" అంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె నోట ఆ పేరు విన్నాను. ఆమె కూలిపోలేదు. ఇంకా చెప్పింది. వాడు పరోటాలో చక్కెర చుట్టుకుని తినేవాడనీ, బాల్ పోతే పక్కింటి గోడ దూకేవాడనీ. మా పిల్లలు పక్కన కూర్చుని విన్నారు.

మీ ఇంట్లోనూ ఇలా ఆగిపోయిన పేరు ఏదైనా ఉంటే, పెద్దవాళ్లు ఉండగానే అడగండి. పిల్లలకి కథలు కావాలి. ఆ కథలు వాళ్ల దగ్గరే ఉన్నాయి.