జూరాల పూల్

నాగర్‌కర్నూల్‌లోని ఒక చిన్న కాలేజీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను గద్వాలలో, మా ఇంట్లో ఉన్నాను. 2021, దసరా సెలవులు.

“సార్, ఫీజు పేజీ తెరుసుకుంటలేదు. మీ దోస్తు చేసిపోయిండు గదా, మీకేమన్న ఎరికేనా?” అన్నాడు క్లర్కు.

‘చేసిపోయిండు’ అనే మాటలో ఇంకో అర్థం ఉందని ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది. వాడు ఆ ఏడాది మే నెలలో కరోనాతో పోయాడు.

సంగతి చిన్నదే. కాలేజీవాళ్ళు డేటాబేస్‌ని కొత్త మిషన్ మీదికి మార్చారు. ఆ కొత్త అడ్రస్ వెబ్ సర్వర్‌కి చెప్పాలి. వాడు పెట్టింది గ్లాస్‌ఫిష్ 4.1. మామూలుగా దానికి రెండు గుమ్మాలు. 8080 పోర్టు అందరికీ, 4848 పోర్టు నిర్వాహకుడికి. ఆ రెండోదాన్ని ఆఫీసు కంప్యూటర్లోంచి తెరవబోతే, దూరం నుంచి రావాలంటే ముందు సెక్యూర్ అడ్మిన్ ఎనేబుల్ చేసి ఉండాలని ఒక్క వాక్యం చూపించి ఊరుకుంటోందట. అంటే సర్వర్ ఉన్న మిషన్ ముందే కూర్చోవాలి.

“పోయి రా. ఒక్క సంతకానికి మేం పాలమూరుకు పోలేదా?” అన్నాడు నాయిన.

ఆయనకి ఇవన్నీ జిల్లా లెక్కలోనే అర్థమవుతాయి. 2016 ఆగస్టులో వచ్చిన కొత్త జిల్లాల ముసాయిదాలో వనపర్తి, నాగర్‌కర్నూల్ ఉన్నాయి, గద్వాల లేదు. ఊరంతా రోడ్డెక్కింది. చివరికి అక్టోబర్ 11న జోగుళాంబ గద్వాల కూడా జిల్లా అయింది. ఆ రోజు నాయిన పండగకి కొనుక్కున్న చొక్కా వేసుకుని తిరిగాడు. “ఆఫీసు దగ్గరికొస్తె సగం పని అయినట్టే” అనేవాడు.

ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి దగ్గర కృష్ణ, పెబ్బేరు, వనపర్తి. వనపర్తిలో బస్సు ఆగినప్పుడు కావాలనే కిందికి చూస్తూ కూర్చున్నాను. వాడూ నేనూ డిప్లొమా చదివింది అక్కడే, సంస్థానం రాజుల ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో. నల్ల తెర మీద కమాండ్ కొట్టడం నాకు నేర్పింది వాడు. “మౌస్ పట్టుకున్నోడు అడుక్కుంటడు, టైప్ కొట్టెటోడు చెప్తడు” అనేవాడు.

ల్యాబ్‌లో ఆ మిషన్ ఒక మూల, గుడ్డ కప్పుకుని ఉంది. మిషన్‌లోకి లాగిన్ అయ్యే పాస్‌వర్డ్ క్లర్కు దగ్గర ఒక చీటీలో ఉంది. గ్లాస్‌ఫిష్ అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఎక్కడా రాసి లేదు. వాడి ఊరి పేరు, బండి నంబరు, ప్రేమించిన అమ్మాయి పేరు, అన్నీ కొట్టి చూశాను. ఏదీ కాదు. స్నేహితుణ్ణి నాకు ఎంత తెలుసో ఎవరో పరీక్ష పెట్టినట్టు, అందులో నేను తప్పినట్టు అనిపించింది.

అప్పుడు పని చేసే దారి ఒకటే. డొమైన్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో అడ్మిన్-కీఫైల్ అని ఒక ఫైలుంటుంది. తెరిస్తే అందులో ఒక వరస: యూజర్ పేరు, తర్వాత గజిబిజిగా ఒక పొడుగాటి హ్యాష్, చివర గ్రూపు పేరు. వాడు ఏ పదం అనుకున్నాడో ఆ గజిబిజిలోంచి వెనక్కి లాగడం కుదరదు. దాన్ని తీసేసి ఇంకొకటి పెట్టొచ్చు, అంతే.

ఏఎస్‌అడ్మిన్‌తో వేరే పోర్టుల మీద ఉత్తుత్తి డొమైన్ ఒకటి సృష్టించాను. దానికి నాకు తెలిసిన పాస్‌వర్డ్ ఇచ్చాను. స్టాప్-డొమైన్ అని పాతదాన్ని ఆపాను. మిషన్‌లోనే ఉన్నాను కాబట్టి పాస్‌వర్డ్ అడక్కుండానే ఆగింది. ఇక కొత్త కీఫైల్ తెచ్చి వాడి ఫైలు మీద పెట్టాలి. చెయ్యి ఆడలేదు. ఒక్క కాపీ కమాండే కదా. ముందు వాడి ఫైలు పేరు చివర ‘ఓల్డ్’ అని చేర్చి పక్కన పెట్టి, తర్వాత కొట్టాను.

డొమైన్ లేచింది. కొత్త పాస్‌వర్డ్ ఒప్పుకుంది. కనెక్షన్ పూల్స్ జాబితా అడిగాను. దాంతోపాటు వచ్చే టైమర్ పూల్, డెర్బీ పూల్, వాటి కింద మూడోది. పేరు: జూరాల.

ల్యాబ్‌లో ఒక్కణ్ణే నవ్వాను. డేటాబేస్‌కి కట్టిన కనెక్షన్లని ముందే నింపి ఉంచి, అడిగినవాళ్ళకి అడిగినప్పుడు ఇచ్చి, పని అయ్యాక వెనక్కి తీసుకునే చెరువు లాంటిదే పూల్. మా గద్వాలోడు దానికి ఇంకేం పేరు పెడతాడు?

సెట్ కమాండ్‌తో జూరాలకి కొత్త అడ్రస్ ఇచ్చాను. పూల్‌ని పింగ్ చేశాను. కమాండ్ సక్సెస్‌ఫుల్ అని వచ్చింది. పేరు మార్చలేదు.

“సార్, ప్రతిసారి ఈ మూలకు రాకుండ ఆఫీసుల కూసోని తెరిచేటట్టు చేయరాదా?” అన్నాడు క్లర్కు. నాయిన గుర్తొచ్చాడు. ఎనేబుల్-సెక్యూర్-అడ్మిన్ అని కొట్టి డొమైన్‌ని రీస్టార్ట్ చేశాను. అడ్మిన్ పాస్‌వర్డ్ ఖాళీగా ఉంటే ఈ కమాండ్ అసలు ఒప్పుకోదు. దగ్గరికి తేవడం వేరు, గాలికి వదిలేయడం వేరు. ఆఫీసు కంప్యూటర్లో 4848 తెరుచుకుంది, కాకపోతే బ్రౌజర్ హెచ్చరించింది: సర్టిఫికెట్ మీద సంతకం తనదే.

“సెల్ఫ్ అటెస్టెడా సార్?” అన్నాడు క్లర్కు. అవునన్నాను. ఆయనకి నేను ఇంతకంటే బాగా చెప్పలేకపోయేవాణ్ణి.

తెల్లకాగితం మీద వరసగా అన్ని కమాండ్లూ రాశాను. పాస్‌వర్డ్ ఇంకో కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, ప్రిన్సిపాల్ గారి బీరువాలో పెట్టించాను. వాడు చేయని పని అదొక్కటే. వాణ్ణేమీ అనలేను. ఇరవై ఏడేళ్ళవాడు, తన తర్వాత ఎవరో వచ్చి వెతుక్కుంటారని ఎందుకు అనుకుంటాడు? హైదరాబాద్‌లో నేను చూసే సర్వర్ల పాస్‌వర్డ్‌లు కూడా ఆ రోజు వరకూ నా తలలోనే ఉండేవి.

తిరుగు బస్సులో వాడి నాయినకి ఫోన్ చేశాను.

“వాడు చేసింది నడుస్తున్నదా బిడ్డా?”

“నడుస్తున్నది పెద్దనాయినా.”