కొలబద్దకూ పరీక్ష

నేను డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. పాత మల్టీమీటర్లనూ, ఆసిలోస్కోపులనూ విప్పి బాగుచేసుకోవడం చాలా ఏళ్ళుగా నా వ్యాపకం. విమర్శ వ్యాసాలు వచ్చే పత్రికలో ఈ గొడవ దేనికని మిత్రులు అడగవచ్చు. నా జవాబు ఇది. ఏ కొలతనైనా నమ్మాలంటే, కొలిచే సాధనం లోపల ఏమి వున్నదో తెలిసి వుండాలి. ఈ సూత్రం వోల్టులకెంత వర్తిస్తుందో, మనం రచనలనూ సమాజాన్నీ బేరీజు వేసే ప్రమాణాలకూ అంతే వర్తిస్తుంది. కాకపోతే వోల్టుల విషయంలో దీన్ని అంకెలతో రుజువు చేయవచ్చు. అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను.

ఒక్కొక్కటి 10 లక్షల ఓములు గల రెండు రెసిస్టర్లను వరసగా కలిపి, ఆ జంటకు 10 వోల్టులు ఇవ్వండి. రెండింటి మధ్య బిందువు దగ్గర 5 వోల్టులుండాలి. ఇది పాఠ్యపుస్తకం చెప్పే మాటే గాక నిజం కూడాను. ఇప్పుడు అక్కడ ఒక పాత ముల్లు మీటరు పెట్టి చూడండి. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డొనాల్డ్ మెకాడీ రూపొందించగా 1923లో మార్కెట్టుకు వచ్చిన ఏవో మీటరు పేరు మన పాతతరం మెకానిక్కులకు బాగా తెలుసు. 1951లో వచ్చిన దాని 8వ నమూనా వోల్టుకు 20,000 ఓముల మీటరు. అంటే 10 వోల్టుల స్థాయిలో దాని సొంత నిరోధం 2 లక్షల ఓములు. ఆ మీటరు ముల్లు 5 దగ్గర ఆగదు. సుమారు 1.4 దగ్గర ఆగుతుంది.

మీటరు పాడైపోలేదు. అబద్ధం కూడా ఆడలేదు. తన 2 లక్షల ఓములను ఆ సర్క్యూటులో కలిపిన తరువాత అక్కడ నిజంగా వున్నది 1.4 వోల్టులే. కొలవడానికి పోయినవాడే కొలవవలసిన దాన్ని మార్చివేశాడన్న మాట. ఈనాటి డిజిటల్ మీటరు నిరోధం సాధారణంగా కోటి ఓములు. అది పెడితే 4.76 కనిపిస్తుంది. చాలా మెరుగే, కాని అదీ 5 కాదు.

దీన్నుంచి మనుషులు రెండు రకాల పొరపాటు నిర్ణయాలకు వస్తారు. మొదటివాడు ముల్లు చూపించింది గనుక 1.4 వోల్టులే సత్యమంటాడు. రెండవవాడు మరీ తెలివైనవాడు. ప్రతి కొలతా జోక్యమే గనుక అసలు సత్యమనేదే మనకు అందదు, ఎవరి మీటరు వారిదే అంటాడు. ఈ రెండవ వాదం మన విమర్శలో చాలా కాలంగా చలామణిలో వుంది. కాని సాల్డరింగు ఐరను పట్టిన ఏ మెకానిక్కూ ఈ ఇద్దరిలో ఎవరి మాటా వినడు. మీటరు నిరోధం ఎంతో అతనికి తెలుసు. దాన్ని లెక్కలోకి తీసుకుంటాడు, 1.4 నుంచి వెనక్కి నడిచి 5 వోల్టులను పట్టుకుంటాడు. సత్యం వస్తుగతంగా వుంది. దాన్ని చేరే దారి మన సాధనం పరిమితిని తెలుసుకోవడంలో వుంది.

మరో ఉదాహరణ మన ఇళ్ళలోదే. చవక మల్టీమీటర్లు ఎ.సి. వోల్టేజి సగటును కొలిచి, దాన్ని 1.11తో హెచ్చించి చూపుతాయి. చక్కని సైను తరంగానికి ఆ లెక్క సరిపోతుంది. చతురస్రాకారపు తరంగాన్ని ఇచ్చే చవక ఇన్వర్టరుకు అదే మీటరు పెడితే, 220 వోల్టులు వున్నచోట 244 చూపుతుంది. ఇన్వర్టరు పాడైందని ఇంటాయన కంగారుపడతాడు. పాడైంది ఇన్వర్టరు కాదు. సైను తరంగం తప్ప లోకంలో మరొకటి లేదన్న భావన ఆ మీటరులో ముందే బిగించి వున్నది!

కాబట్టి పరికరం ఎన్నుకొనేటప్పుడు నేను వేసే మొదటి ప్రశ్న ధర గురించి కాదు. దీని సర్క్యూటు పటం దొరుకుతుందా? అమెరికాలో టెక్ట్రానిక్స్ సంస్థ 1972లో 465 అనే ఆసిలోస్కోపు తెచ్చింది. వోల్టేజి కాలంతోపాటు ఎలా మారుతున్నదో తెరమీద గీతగా చూపే పరికరం అది. 100 మెగాహెర్ట్జుల దాకా పనిచేస్తుంది. దాని పుస్తకంలో పూర్తి సర్క్యూటు పటాలున్నాయి. ఏ బిందువు దగ్గర ఎన్ని వోల్టులుండాలో, తరంగం ఏ ఆకారంలో వుండాలో వుంది. ఏ భాగం ఎందుకున్నదో వివరించే అధ్యాయం కూడా వుంది. ఆ పుస్తకాలు చదివి ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవారు లోకమంతటా వున్నారు.

ఇది కంపెనీల ఔదార్యమని మురిసిపోనక్కరలేదు. ఆనాటి పెద్ద కొనుగోలుదార్లలో సైన్యాలూ, పరిశోధనాలయాలూ వున్నాయి. వారి సొంత రిపేరు విభాగాలకు ఆ పటాలు లేకపోతే పని జరగదు. కనుక పాతదంతా బంగారమని కూడా నేననను. ఏవో మీటరుకు కావలసిన 15 వోల్టుల బ్యాటరీ నేడు వెతికితే గాని దొరకదు. కంపెనీ తనకోసమే తయారుచేసుకున్న చిప్పు కాలిపోతే, మరొక చచ్చిన ఆసిలోస్కోపులోంచి పీకి పెట్టుకోవలసిందే. కొత్తగా మొదలుపెట్టే విద్యార్థికి, సరైన ఫ్యూజులున్న మంచి డిజిటల్ మీటరు కొత్తదే కొనుక్కోమని చెబుతాను.

కాని నేటి పరికరాల్లో ఒక వింత వుంది. ఒకే బోర్డు, ఒకే భాగాలు గల ఆసిలోస్కోపును 50 మెగాహెర్ట్జులదని ఒక ధరకూ, 100 మెగాహెర్ట్జులదని మరొక ధరకూ అమ్మే పద్ధతి వచ్చింది. తేడా అంతా సాఫ్టువేరులో పెట్టిన తాళం. డబ్బు కడితే తాళంచెవిగా కొన్ని అంకెలు ఇస్తారు. బోర్డుకు కొత్త భాగమేదీ చేరదు, కార్మికుడు మళ్ళీ చేయవలసిన పనీ లేదు. జరిగిపోయిన శ్రమను పెట్టెలో బంధించి, విడుదలకు వెల కడుతున్నారు. ఉత్పత్తి శక్తులకు ఉత్పత్తి సంబంధాలు సంకెళ్ళవుతాయని మనం క్లాసుల్లో చెబుతాం. ఇక్కడ ఆ సంకెలను బల్లమీద పెట్టి చూపవచ్చు.

బాగుచేయడం విషయానికి వస్తే, దానికొక క్రమం వుంది. ముందు కంటితో చూడాలి, వాసన చూడాలి. తరువాత పవర్ సప్లై వోల్టేజీలు. అవి సరిగా లేకుండా తక్కినవాటిని అనుమానించడం వృథా. ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, షార్టయిన టాంటలం కెపాసిటర్లు, చిలుము పట్టిన స్విచ్చులు - పాత పరికరాల జబ్బుల్లో చాలా భాగం ఇవే. ఒక కాలేజీవారు పనికిరాదని రాసేసి తుక్కు వేలంలో అమ్మిన 20 మెగాహెర్ట్జుల ఆసిలోస్కోపు నా చేతికొచ్చింది. ఆ కాలేజీ పేరు అనవసరం. 12 వోల్టుల లైనుకూ ఎర్తుకూ మధ్య దాదాపు సున్నా ఓములు కనిపించాయి. ఆ లైనుమీది కెపాసిటర్లను ఒక్కొక్కటే విప్పుకుంటూ పోగా, సెనగగింజంత టాంటలం కెపాసిటరు ఒకటి దొరికిపోయింది. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో దాని బదులు కొన్నదాని వెల ఒక కప్పు టీ ఖర్చును మించలేదు.

అయితే ధైర్యం వేరు, తెగింపు వేరు. ఆసిలోస్కోపు తెరగొట్టానికి రెండువేల వోల్టులు వుండడం మామూలే. స్విచ్చి కట్టేసిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆ విద్యుత్తు నిలిచి వుంటుంది. మెయిన్సు కొలవడానికని ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేసేవారున్నారు. అప్పుడు ఆసిలోస్కోపు ఒళ్ళంతా కరెంటే. రెండు ప్రోబులు పెట్టి ఒకదానినుంచి ఒకటి తీసివేసే పద్ధతి వుండగా ప్రాణం పణంగా పెట్టనక్కరలేదు.

ఇంత పని తెలిసినవాళ్ళు మన ప్రయోగశాలల్లో లేరా? వున్నారు. మా లాబరేటరీ అటెండరు ఒకాయన, "సార్, నాలుగో బల్లమీది మీటరును నమ్మకండి, అది సున్నా దగ్గరే తప్పు చూపిస్తుంది" అని ఏటా చెప్పేవాడు. ఆ మాట ఏ రికార్డులోకీ ఎక్కలేదు. విద్యార్థులు నాలుగో బల్లదగ్గరే కూర్చొని, రావలసిన జవాబు ముందే తెలిసి వుండడంవల్ల, దానికి సరిపోయే రీడింగులు రాసి మార్కులు తెచ్చుకునేవారు. చెడిన మీటరు తనకు తెలిసిన తప్పే చూపింది. అబద్ధం నేర్చుకున్నది విద్యార్థి. చేతిపని తక్కువ కులాలదనీ, చదువు పై కులాలదనీ విభజించిన సమాజంలో, విప్పడం తెలిసినవాడికి పటం అందదు, పటం చదవగలవాడు స్క్రూడ్రైవరు ముట్టడు. పరికరం బీరువాలో తుప్పుపడుతుంది.

1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపించి, ఎలక్ట్రానిక్ పరికరాలను మనమే తయారుచేసుకోగలమని డాక్టర్ ఎ.ఎస్. రావు నిరూపించారు. తయారుచేయగలవారం బాగుచేసుకోలేకపోవడానికి కారణం తెలివి చాలకపోవడం కాదు. 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం బాగుచేసుకొనే హక్కుపై ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిశీలనకు ఎంచుకున్న రంగాలు. మంచిదే. కాలేజీ ప్రయోగశాల ఆ జాబితాలో కనిపించదు. సర్క్యూటు పటం ఇవ్వని పరికరాన్ని ప్రభుత్వ ధనంతో కొనవద్దని అడగవలసినది ఉపాధ్యాయ, విద్యార్థి సంఘాలే. టర్ముకు ఒక చెడిన పరికరాన్నయినా అటెండరు గురువుగా, విద్యార్థుల చేత విప్పించడానికి మాత్రం ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.

ఇక విమర్శకులుగా మనం. ఒక కథ అభ్యుదయకరమా కాదా అని ముల్లు చూసి చెప్పేస్తూ వుంటాం. మన మీటరు నిరోధమెంతో, దాన్ని పెట్టగానే కథలో ఏమి మారిపోతున్నదో పాఠకుడికి చెప్పడం లేదు. తీర్పుతోపాటు మన సర్క్యూటు పటం కూడా అచ్చువేస్తే, తప్పు ఎక్కడున్నదో అతనే విప్పి చూసుకుంటాడు.