గరుకు వేరు, అంచు వేరు

తుపాకీ పేరెత్తగానే మా వైపు తిరిగే చూపులు మాకు తెలుసు. ఆ చూపుల సంగతి కాసేపు పక్కన పెట్టండి. తుపాకీ లోపలికి చూద్దాం రండి.

అసలు ఆ మాటే ఇక్కడ పుట్టింది కాదు. తుపాకీ, తోపు తుర్కీ నుంచి వచ్చాయి. ఫిరంగి ఫారసీ నుంచి వచ్చింది. హైదరాబాదులో 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు మాకు తోప్ కా సాంచా, బస్సెక్కేవాళ్లకు గన్‌ఫౌండ్రీ. ఈ మాటలన్నీ తెలుగులో కలిసిపోయాయి. పరాయివని ఎవరూ ఏరి పారెయ్యలేదు.

మా దాదా లైసెన్సున్న ఒక దుకాణంలో తుపాకుల మరమ్మతు చేసేవారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ అమ్మడానికే కాదు, బాగు చేయడానికీ లైసెన్సు కావాలి. వచ్చేవి ఎక్కువగా షికారు బందూకులు, ఎప్పుడో ఒక పిస్తోలు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికారు పోయింది, దాంతోపాటు పనీ పోయింది. మేము పుట్టేనాటికి ఆయన దగ్గర మిగిలినవి రేతులు, అంటే ఆకురాళ్లు, రెండు సానరాళ్లు, బోలెడు ముచ్చట్లు. ఆ ముచ్చట్లలో మా మనసులో నాటుకుపోయింది లబ్‌లబీ బిగించే పని. లబ్‌లబీ అంటే ట్రిగ్గరు.

లబ్‌లబీ నొక్కితే పిస్తోలు పేలుతుందని పిల్లలకు కూడా తెలుసు. నడుమ ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు తక్కువ. బ్రౌనింగ్ తయారుచేస్తే 1911లో అమెరికా సైన్యం తీసుకున్న పిస్తోలునే చూడండి. వెనక్కి లాగిన ఘోడా, అంటే లోపల కొట్టే సుత్తి, ఒక చిన్న ఉక్కు ముక్క అంచు మీద ఆగి ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని సియర్ అంటారు. మా దాదా వట్టిగా 'రోక్' అనేవారు. ఆపేది కాబట్టి రోక్. లబ్‌లబీ తన గాడిలో వెనక్కి జరిగితే ఆ రోక్ కదులుతుంది. అంచు జారుతుంది. ఘోడా పడుతుంది.

కొత్త లబ్‌లబీ ఎక్కించినప్పుడు ఇదంతా సాఫీగా సాగదు. గాడిలో మిషను కోసిన గీతలుంటాయి. ముక్కల పక్కన కోత మిగిల్చిన సన్నటి ముళ్లుంటాయి. నొక్కితే గరగరమంటుంది, ఆగి ఆగి కదులుతుంది. గురి చెదిరేది అక్కడే. అందుకని ముక్కకు దీపం మసి పూసి గాడిలో ఆడించి చూస్తారు. మసి చెరిగి మెరిసిన చోటే రాపిడి. నూనె వేసిన సన్నటి రాయితో అక్కడ మాత్రమే నాలుగుసార్లు రుద్దాలి. మళ్లీ మసి, మళ్లీ ఆడించడం. ఈ పరీక్షలన్నీ ఖాళీ పిస్తోలుతోనే.

రోక్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మరీ జాగ్రత్తగా ఆడాలి. దాని ముఖం నునుపు కావచ్చు. వాలు మారకూడదు. అంచు గుండ్రం కాకూడదు. కొన్నిటికి గట్టిదనమంతా పైపొరలోనే ఉంటుంది. ఆ పొర అరిగిపోతే కింది మెత్తటి లోహం ఎన్నాళ్లో నిలవదు. తొందరపడి మోటారు చక్రానికి పెట్టి తళతళలాడించినవాడి పిస్తోలు నొక్కడానికి వెన్నలాగే ఉంటుంది. కానీ ఒక కుదుపు తగిలితే చాలు, ఎవరూ నొక్కకుండానే ఘోడా పడవచ్చు.

తెలుగు పత్రికలో చేరాక మా రాతల మీద కూడా రాయి పడింది. వాక్యం పొడవైతే విరిచారు. అక్కర్లేని మాట తీసేశారు. మంచిదే, అది గరుకు. కానీ మేము 'అబ్బా' అని రాస్తే 'నాన్నగారు' అని అచ్చయింది. 'ఇంతెఖాల్ అయ్యారు' అంటే 'స్వర్గస్థులయ్యారు' అయింది. 'ఖబరస్తాన్' కాస్తా 'శ్మశానం' అయింది. మట్టిలో పెట్టిన మనిషిని అక్షరాల్లో కాల్చేశారు! అడిగితే, "చదవడానికి సాఫీగా ఉండాలి కదా భాయ్" అన్నారు. సరే, ఉర్దూ పత్రికకు రాశాం. అక్కడ మా 'నక్కో' తీసేసి 'నహీఁ' పెట్టారు. వాళ్లకు మా దక్కనీ గరుకు, వీళ్లకు మా తెలుగు గరుకు.

దిద్దవద్దని మేము అనడం లేదు. మసి పూసి చూడమంటున్నాం. పాఠకుడికి ఎక్కడ అర్థం కాకుండా అడ్డుపడుతోందో అక్కడ రుద్దండి, మేమే రాయి అందిస్తాం. మా ఇంట్లో తండ్రిని పిలుచుకునే మాట, మా చావును చెప్పుకునే మాట గరుకు కాదు. అవి అంచులు. మేము నిలబడి ఉన్నది వాటి మీదే.