రెండు సైజులు, ఒకే మాటలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది కంప్యూటర్ సంగతే గానీ మన భాష సంగతి కూడా. కాస్త ఓపిగ్గా చదవండి.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు లిపిలో రాసుకుంటాం, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. నందిగామ వైపు తండాల్లో పెద్దోళ్లు చెప్పిన మాటలు, కథలు టైపు చేసి, సిగ్నల్ సరిగా లేనిచోట కూడా దిగాలని జీజిప్ చేసి పంచుకుంటున్నాం. మొన్న జగ్గయ్యపేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇద్దరం లెవెల్ 9 పెట్టాం. సైజు కలవట్లేదు. నా దాంట్లో మాటలేమన్నా పోయినయ్యా?"

పోలేదు. పత్తి బోరెం తొక్కటం మీరంతా చూసిందే. ఒకరు తొక్కితే ఇంత, ఇంకొకరు తొక్కితే అంత. విప్పితే అదే పత్తి.

జీజిప్ లోపల జరిగేది ఏంటంటే, ఇప్పుడొచ్చిన ముక్క వెనకటి 32 కిలోబైట్లలో ఎక్కడన్నా ఉందా అని వెతకటం. ఎంతసేపు వెతకాలో చెప్పేదే లెవెల్. అది ఏ లైబ్రరీకి ఆ లైబ్రరీ పెట్టుకున్న అంకె, కిలో లాంటి కొలత కాదు. 1995లో వచ్చిన జెడ్‌లిబ్‌లో 9 దాకా ఉంటుంది, మనం ఏమీ చెప్పకపోతే 6. లిబ్‌డిఫ్లేట్‌లో 12 దాకా ఉంది. జెడ్‌లిబ్-ఎన్‌జీ లెవెల్ 1 వేగం కోసం వేరే పద్ధతి వాడుద్ది, అందుకే అక్కడ ఫైలు బాగా పెద్దదవుద్ది. ఫెడోరా లైనక్స్ 40 నుంచి పాత జెడ్‌లిబ్ చోట ఇదే వచ్చి కూర్చుంది. అంటే మన కోడ్ ఒక్క అక్షరం మారకపోయినా సైజు మారొచ్చు. బీజిప్2 అయితే మరీ వింత. అక్కడ అంకె బ్లాకు సైజు మాత్రమే, 100 కిలోబైట్లలోపు ఫైలుకి 1 అయినా 9 అయినా దాదాపు ఒకటే.

మనకి కలిసొచ్చేది ఒకటుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు రకాల్లో ఏదో ఒకటి, అవే మళ్లీ మళ్లీ తిరిగొస్తాయి కాబట్టి బాగా నలుగుద్ది.

జెడ్‌స్టాండర్డ్‌లో 22 దాకా లెవెళ్లున్నా నేను దాని జోలికి పోలేదు. దాన్ని జీజిప్ విప్పలేదు. లిబ్‌డిఫ్లేట్ 12తో చేసిన జీజిప్‌ని మాత్రం పాత ఫోన్ కూడా విప్పుద్ది.

తమ్ముడికి చెప్పిందొకటే: జీజిప్ ఫైళ్లని పోల్చొద్దు, రెండూ విప్పి లోపలి టెక్స్ట్‌కి ఎస్‌హెచ్‌ఏ-256 తీసి చూడు. తీశాడు. 64 అక్షరాలూ కలిసినయ్.