రెండు తాళపుచెవులు

సంఘమువారు ఈ సంచికకొక వ్యాసము పంపుడని కోరగా ఏమి వ్రాయుదుమా యని కొన్నిదినములు తటపటాయించితిమి. పద్యములు మాకు రావు. తెలుగువారి పూర్వవైభవమును గూర్చి వ్రాయగలవారు ఈ సంచికలోనే పలువురుందురు. కావున ముప్పది యేండ్లు మేము చేసిన పనిని గూర్చియే వ్రాయ నిశ్చయించుకొంటిమి. ఆ పని ఒకటి కాదు, రెండు. ఒడిశాలోని ఒక విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము బోధించుట మొదటిది. పాఠములు ముగిసిన పిమ్మట, అదే భవనపు తూర్పు కొసనున్న ఆదివాసి వస్తుశాలను కాపాడుట రెండవది. మొదటిదానికి జీతమిచ్చిరి. రెండవదానికి తాళపుచెవి ఇచ్చిరి.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మా తాతగారి ఇల్లు కదలలేదు గాని సరిహద్దు కదలినది. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, సంతలో సవర, ఈ మూడింటి నడుమ మేము పెరిగితిమి. అందు మూడవది చెవిని పడినదే గాని నోటికి పట్టలేదు. ఈ మాట వ్రాయ సిగ్గగుచున్నది. ఏలన, గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఆ యూరి బడిలోనే ఉపాధ్యాయులై, తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పవలెనని బడులు పెట్టిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. మన్యమున తిరుగుచు, చలిజ్వరమునకు క్వినైను మ్రింగి మ్రింగి వినికిడి పోగొట్టుకొనిరని పెద్దలు చెప్పుదురు. చెవులు పోయినవారికి వచ్చిన భాష, చెవులున్న మాకు రాలేదు. గ్రాంథికపు వాసన వదలని మా యీ వాక్యములను చూచినను పంతులుగారు కోపగించెడివారే. అది వేరు సంగతి.

బోధనను, వస్తురక్షణను ఒక్కని చేతనుంచుట మా విశ్వవిద్యాలయమువారు కనిపెట్టిన పొదుపు కాదు. 1884లో పిట్ రివర్స్ అను సేనాని, తాను కూర్చిన ఇరువదివేలకు పైబడిన వస్తువులను ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకిచ్చుచు, ఈ శాస్త్రమును బోధించుటకొక అధ్యాపకుని నియమింపవలెనని నియమము పెట్టెను. టైలరు పండితుడు అట్లు నియుక్తుడయ్యెను. అనగా అచ్చట వస్తువులు ముందు, పాఠము వెనుక. అమెరికాలో ఫ్రాంజ్ బోయస్ న్యూయార్కు వస్తుశాలలోను, కొలంబియా విశ్వవిద్యాలయములోను కొంతకాలము రెండు పనులు నెరపి, 1905లో వస్తుశాలను విడిచి బోధననే ఉంచుకొనెను. వస్తువుల నెట్లమర్చవలెనను విషయమున ఆయనకు అధికారులతో పొసగలేదు. మేము బోయసులము కాము. విడుచుటకు మాకు ధైర్యమును లేదు, ఆ గదిని తీసికొనువారును లేరు.

గదిలో నాలుగువందల పైచిలుకు వస్తువులుండెను. గదబల కెరంగు నారచీరలు, బోండా స్త్రీల పూసలపేరులు, కోందుల గండ్రగొడ్డళ్ళు, చేపలు పట్టు వెదురు బుట్టలు, సొరకాయ బుర్రల తంత్రీవాద్యములు. వానాకాలము వచ్చెనా, మాకు కంటికి కునుకుండెడిది కాదు. నారకు బూజు, కఱ్ఱకు పురుగు, గోడకు చెమ్మ. మా పూర్వులు డి.డి.టి. పొడి చల్లి యుండిరి. దాని సంగతి తెలిసిన పిమ్మట చేతితొడుగులు లేనిదే విద్యార్థులను తాకనీయలేదు. నాఫ్తలీను ఉండలు, వేపాకు, ఎండపెట్టుట, దులుపుట, ఇవియే మా తపస్సు. పదోన్నతికి అచ్చయిన వ్యాసములను లెక్కింతురు గాని దులిపిన బుట్టలను లెక్కింపరు.

అసలు చిక్కు పురుగులతో కాదు. ఉదయము తరగతిలో, వస్తువునకు మనుష్యుల నడుమనే ప్రాణమని చెప్పుదుము. సాయంకాలము అదే వస్తువును అద్దాల బీరువాలో పెట్టి తాళము వేయుదుము. ఈ రెండును ఒక్క నోరు, ఒక్క చేయి చేయుచున్నవని చాలకాలము మాకు తోచలేదు.

1998లో ఒక తమాషా జరిగినది. సవరలు ఇంటి లోపలిగోడను ఎఱ్ఱమట్టితో అలికి, బియ్యపుపిండితో మనుష్యులను, ఏనుగులను, చెట్లను, సూర్యచంద్రులను చిత్రింతురు. దానిని ఇడితాల్ అందురు. అది ఆ ఇంటివారు ఒక దేవతకో, గతించిన బంధువునకో కట్టియిచ్చు ఇల్లు. అట్టి చిత్రమును వస్తుశాల గోడపై వేయింపవలెనని, గుణుపురం ప్రాంతమునుండి ఒక వృద్ధ చిత్రకారుని రప్పించితిమి. నాలుగుదినములు శ్రమించి చక్కగా వ్రాసెను. మేము సంతోషముతో కింద “ఇడితాల్” అని చీటి అంటించితిమి. ఆయన చీటీలో ఏమున్నదని అడిగి, వచ్చిన తెలుగులో నవ్వుచు, “ఇది ఉత్త బొమ్మే బాబూ. ఎవల్నీ పిలవలేదు కదా. పిలిస్తే ఇక్కడ రోజూ ఎవలు సూసుకుంతారు?” అనెను. చీటి మార్చుదమనుకొనుచుండగనే వేసవి సెలవులు వచ్చినవి. సెలవులలో భవనమునకు సున్నము వేయించిరి. బొమ్మ మీదను వేసిరి. మేము మండిపడి ఉత్తరములు వ్రాసితిమి. మరుసటి యేడు సంతలో కనబడిన ఆ వృద్ధునికి ఈ సంగతి చెప్పగా, కడుపుబ్బ నవ్వి, మా ఊళ్ళోనూ పాతబొమ్మల మీద అలికేస్తామనెను. మా కోపము ఎవరి కొఱకో మాకప్పుడు తెలియలేదు.

తెలిసినది 2006లో. ఆ సంవత్సరము ఎం.ఏ. తరగతిలో ఒక సవర యువకుడు చేరెను. వాని ఊరినుండి అంతదూరము చదివినవాడు వాడొక్కడే. తలిదండ్రులు బాప్తిస్టు సంఘమున చేరినవారు. మామ్మ మాత్రము పాతదారిలోనే యుండెను. మొదటిమారు వస్తుశాలకు పిలుచుకొనివెళ్ళినప్పుడు అందరును గొడ్డళ్ళ కడ మూగగా, ఇతడు మూడవ బీరువా ముందు నిలిచిపోయెను. అందొక జానెడు మట్టికుండ, మెడకు త్రాడుతో, వ్రేలాడుచుండెను. సవర ఇండ్లలో దేవతలకును పితరులకును నివాసముగా ఇట్టి కుండలను దూలములకు కట్టుదురు.

“సార్, దీన్ని ఎవరిచ్చారని రాసుంది?”

రిజిస్టరు తెచ్చి చూచితిమి. “సవర పూజాపాత్ర, 1. గంజాం ఏజెన్సీ. వెల మూడు అణాలు.” ఇచ్చినవాని పేరు లేదు, ఊరు లేదు.

“ఇది ఎవరూ ఇవ్వరు సార్” అని మాత్రమే అనెను. ఒడియాలో మెల్లగా అనిన ఆ మాట, మేము అన్నేండ్లు చెప్పిన పాఠములన్నింటికంటె బరువుగా తోచినది. మేము ఎల్విన్ 1955 నాటి గ్రంథమును, వితెబ్‌స్కీ 1993లో ప్రకటించిన గ్రంథమును చదివినవారమే. సవరలలో చనిపోయినవారు పూజారిణి నోట మాటలాడుదురనియు, బ్రతికియున్నవారు వారితో వాదింతురనియు పరీక్షలలో ప్రశ్న లిచ్చినవారమే. కాని ఆ కుండ ఎవరిదని ఒక్కనాడును అడుగలేదు.

తిరిగి ఇచ్చివేయుదమా? చెప్పినంత సులభము కాదు. విద్యార్థి సెలవులకు వెళ్ళి పెద్దల నడిగెను. తెచ్చివేయమని ఒకరు, ఇప్పుడు తెస్తే దానినెవరు చూతురని మరొకరు, అట్టివి మనకు వద్దని సంఘపు పెద్దలు. మేము పైవారికి వ్రాసితిమి. ఎనిమిది నెలలకు జవాబు వచ్చినది. స్టాకు రిజిస్టరులోని వస్తువును పగిలినదని ధ్రువపరచి కొట్టివేయవచ్చునే గాని, పగులనిదానిని తీసివేయుటకు వీలులేదట! పగులగొట్టి ఇచ్చుట మా చేత కాలేదు.

పెద్ద పెద్ద వస్తుశాలలకును ఇట్టి దినములు వచ్చినవి. ఆక్స్‌ఫర్డులోని ఆ పిట్ రివర్స్ వస్తుశాలవారే 2020లో మానవ శిరస్సులను ప్రదర్శననుండి తొలగించిరి. అచ్చటనున్న తమ పూర్వుల అవశేషములను గూర్చి నాగా జాతులవారు నేడు తమలో తాము ఊరూర చర్చించుకొనుచున్నారు. 2007లో మాకు ఆ దారులు చూపువారు లేరు.

ఆ యేటి చలికాలమున విద్యార్థి తన మామ్మను తీసికొనివచ్చెను. ఆమె బీరువాకు కొంచెము ఎడముగా నేలమీద కూర్చుండి, కుండతో సవరలో మాటలాడ నారంభించెను. మనుమడు మొదట మాకు ఒకటి రెండు మాటలు ఒడియాలో చెప్పి, పిదప చెప్పుట మానెను. మేమును అడుగలేదు. చాలసేపటికి ఆమె మా వైపు తిరిగి ఏదో ప్రశ్నించెను. మనుమడు తల వంచుకొని చెప్పెను: “దీనికేం పెడుతున్నారని అడుగుతోంది సార్.”

బీరువా అడుగున నాలుగు నాఫ్తలీను ఉండలుండెను. మేమేమియు చెప్పలేదు.

ఆమె కోరినది కొంచెమే. జనులకెదురుగా ఉంచవద్దు, గుడ్డ కప్పుడు, కొత్తబియ్యము వచ్చినప్పుడు పిల్లవానిని లోపలికి రానిండు, అంతే. త్రాడు ముడిని బట్టి అది ఏ యూరి కుండయో కూడ చెప్పెను. వెనుకగదిలో, గాలి వచ్చుచోట, దూలమునకు కట్టించితిమి. బీరువాలో ఆ తావును ఖాళీగానే ఉంచితిమి. తనిఖీకి వచ్చినవారు అడిగినప్పుడు “వస్తువు కలదు, ప్రదర్శనలో లేదు” అని వ్రాసియిచ్చితిమి. అది నిజమే గదా. ఆనాటినుండి ప్రతి విద్యార్థిచేతను రిజిస్టరులో కొత్త వరుస నొకటి వ్రాయించితిమి: ఎవరివద్దనుండి, వారేమనిరి. నాలుగువందలలో నూటికి మించి పూర్తి కాలేదు. తక్కినవాని సొంతదారులను వెదకుటకు తగినంత సవర గాని కువి గాని మాకు వచ్చియుండలేదు.

ఇంటికి పోయి అటక ఎక్కితిమి. మా నాయనమ్మగారి ఇత్తడి పానకపు బిందె అచ్చట తలక్రిందుగా నుండెను. అది ఏ పండుగకు దించుదురో మా అబ్బాయికి తెలియదు. చెప్పనిది మేమే.

2014లో పదవీవిరమణ చేసినప్పుడు రెండు తాళపుచెవులను కొత్తగా వచ్చిన అధ్యాపకురాలికి ఇచ్చితిమి. ఆమె వెనుకగదిలో దూలమువైపు చూచి, “ఆ గుడ్డ తీసి చూడవచ్చునా మాస్టారూ?” అని అడిగెను. రిజిస్టరు తెరచి, ఆ వరుసకెదురుగా వ్రాసియున్న టెలిఫోను నంబరును చూపించితిమి. ఆ కుఱ్ఱవాడప్పటికే మా కొండల దాపున ఒక కళాశాలలో పాఠములు చెప్పుచుండెను. ముందు అతనిని అడుగుమంటిమి.