హెరాల్డ్ వెళ్ళింది... మూతి మిగిలింది!

పోయిన నెల మా ఇంటి నుంచి ఒక హీరోయిన్ సినిమాల్లోకి వెళ్ళిపోయింది. వయసు యాభై దాటింది. లేత నీలం మేకప్పు, తెల్ల అంచు. కూత వేస్తే వీధి వీధంతా తిరిగి చూడాల్సిందే!

కంగారు పడకండి. ఆవిడ పేరు స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ త్రీ, 1970 మోడల్. నా కారు. తొమ్మిదేళ్ళు నాతో కాపురం చేసి, పీరియడ్ సినిమాలకి పాత కార్లు అద్దెకిచ్చే హైదరాబాదు ఆసామి వెంట వెళ్ళింది. రేపు ఏ తెర మీదో పంచె కట్టిన హీరోగారు లేత నీలం కారు దిగితే, పక్క సీటువాడి భుజం తట్టి చెప్పండి, అది మైపాడు కారని.

మీలో చాలామంది ఈ బండిని పాత సినిమాల్లోనే చూసి ఉంటారు. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు తెచ్చిన హెరాల్డ్‌కి రూపం దిద్దింది మికెలొట్టి అనే ఇటలీ డిజైనరు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. ఇంజన్ 948 సి.సి., అంటే నేటి చిన్న కారంత. స్టీరింగు తిప్పితే పాతిక అడుగుల చోటులో గిర్రున తిరిగేస్తుంది. నెల్లూరు చిన్నబజారులో ఆ విద్య ఎంత అక్కరకొచ్చేదో నాకు తెలుసు! అసలు విశేషం మాత్రం బానెట్టు. మూత ఒక్కటే లేవదు. మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందు మూతి మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి వాలిపోతుంది. అప్పుడు ముందు టైరు మీద దర్జాగా కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు.

నా కథంతా ఆ టైర్ల మీదే జరిగింది.

మా నాన్న బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. నేను బి.ఏ. చదివి, ఉద్యోగం చూసుకోకుండా పత్రికలకి వ్యాసాలు రాసుకుంటూ తిరగడం ఆయనకి నచ్చలేదు. నచ్చలేదని ఎప్పుడూ అనలేదు కూడా. అసలు మాటే తక్కువ. ఇరవై నాలుగో ఏట, దాచుకున్న డబ్బంతా పోసి ఈ నడవని హెరాల్డుని లారీ మీద వేసుకొచ్చినప్పుడు ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, "ఏంది అబ్బయ్యా, ఇనప సామాను యాపారం పెట్టినావా?" అన్నాడు. మర్నాడు తెల్లారి లేచి చూస్తే బానెట్టు ఎత్తి ఉంది, ఆయన ఎడమ టైరు మీద కూర్చుని ఉన్నాడు. కుడి టైరు ఖాళీ. వెళ్ళి కూర్చున్నాను.

అలా ఏడేళ్ళు. మధ్యలో ఇంజన్, ఈ పక్క నేను, ఆ పక్క ఆయన. ట్యాపెట్ల చప్పుడు చెవితో ఎలా పట్టాలో చెబుతూ చెబుతూ, తన పెళ్ళి ఖర్చులు, తాతయ్య అప్పులు, నేను పదో తరగతిలో చెప్పిన అబద్ధం... అన్నీ మాట్లాడేసేవాడు. బానెట్టు మూసేశాక మళ్ళీ మౌనం. ఒకసారి మూసిన బానెట్టు మీద ఆయన చేతిలోంచి రింగు స్పానరు జారిపడింది. కుడి హెడ్‌లైటు పైన అణా కాసంత సొట్ట. సొట్ట సంగతి అలా ఉంచండి. ఆయన చెయ్యి వణకడం నేను చూసింది ఆ రోజే మొదటిసారి.

నాన్న పోయి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో బానెట్టు నాలుగుసార్లు ఎత్తి ఉంటాను. ఎత్తినప్పుడల్లా ఎడమ టైరు కనిపిస్తుంది కదా! నేను ఊరుకున్నాను గానీ సముద్రం ఊరుకుంటుందా? మా ఇల్లు అలలకి కూతవేటు దూరం. ఉప్పుగాలికి కిటికీ చువ్వలే మూడేళ్ళు నిలవవు. హెరాల్డ్ బాడీ ఒక చాసిస్ మీద కూర్చుంటుంది. ఆ చాసిస్ నుంచి పక్కలకి వచ్చే కొమ్ములకి తుప్పొస్తే కథ కంచికే. మొన్న వేసవిలో స్క్రూ డ్రైవరుతో పొడిచి చూస్తే అప్పడంలా లోపలికి దిగింది. వెల్డింగుకి, పెయింటుకి, పాత బండి మళ్ళీ రిజిస్ట్రేషను చేయించడానికి ఎంతవుతుందో లెక్క వేశాను. రాసుకుని బతికేవాడి ఏడాది సంపాదన! దాని పక్కన కూర్చుని అది పొడి పొడిగా రాలిపోవడం చూడలేక అమ్మకానికి పెట్టాను.

ఆసామి వచ్చాడు. రెండు లక్షల ఎనభై వేలన్నాడు. సరేనన్నాను. అంతలో ఆయన కన్ను షెడ్డు మూల గోనెపట్టా మీద పడింది. దాని కింద స్పేరు ఇంజన్, గేరుబాక్సు. మద్రాసు పుదుపేట పాతసామాన్ల బజారులో తూకానికి కొని, నాన్నా నేనూ ఒక వానాకాలమంతా విప్పి బిగించినవి.

"అవి కూడా ఇచ్చేయండి. ఇంకో నలభై వేలు వేసుకోండి."

"అవి బేరంలో లేవండీ."

"కారు లేకుండా ఇంజనేం చేసుకుంటారు సార్?"

నిజమే! నలభై వేలు నాకు చిన్న మొత్తం కాదు. అయినా నోట్లోంచి వచ్చేసింది: "ఇంకో కారు కడతాను."

అనేశాక నాకే నవ్వొచ్చింది. కానీ కడితే ఏం? 1957 నుంచి ఇంగ్లండులో లోటస్ సెవెన్ అనే కారుని విడి ముక్కలుగా అమ్మారు. ముక్కలుగా కొంటే పన్ను లేదు, కొన్నవాడు ఇంట్లో బిగించుకునేవాడు. హెరాల్డ్ చాసిస్ మీద కొత్త బాడీలు వేసుకునే కిట్ కార్లు కూడా అక్కడ బోలెడు వచ్చాయి. అంత దూరం ఎందుకు, కోయంబత్తూరు తెలుగువాడు జి.డి.నాయుడుగారు హోటల్లో సర్వరుగా చేసి డబ్బు కూడబెట్టి, మోటారు సైకిలు కొని, నడపడం కన్నా ముందు విప్పి బిగించాడట! 1952లో ఆయన రెండు వేల రూపాయల్లో రెండు సీట్ల కారు తయారుచేస్తే సర్కారు లైసెన్సు ఇవ్వలేదు. మీరంతా ఈలలు వేసిన 'కల్కి 2898 ఏడీ' బుజ్జిని 2024లో తయారుచేసిన వర్క్‌షాపూ ఆ కోయంబత్తూరులోనే ఉంది. మూడు చక్రాలు, ఆరు టన్నులు. ప్రభాస్‌గారికి నిర్మాతలున్నారు. నాకు గోనెపట్టా కింద ఇంజనొకటి ఉంది!

చిక్కు ఒక్కటే, చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపు మనిష్టానికి మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఇంట్లో కట్టిన బండికి నంబరు ప్లేటు ఆశ వదులుకోవాల్సిందే. అందుకని నా కారు రోడ్డెక్కదు. మా మేనమామకి రొయ్యల చెరువులున్నాయి. వాటి గట్లే దాని హైవే. మామయ్య ఒప్పుకున్నాడు, మేత బస్తాలు మొయ్యాలనే షరతు మీద!

చాసిస్‌కి ఇనప చదరపు గొట్టాలు. బాడీకి మాత్రం ఇనుము మాటెత్తకూడదనుకున్నాను. ఉప్పుకి లొంగనిది మా తీరంలో ఒకటే ఉంది, ఫైబరు. 2004 సునామీ తర్వాత ఇక్కడ కర్ర తెప్పలు తగ్గి ఫైబరు పడవలు పెరిగాయి. వాటికి చిల్లులు పూడ్చే మేస్త్రి దగ్గరికి వెళ్ళి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి, "బొమ్మతో పని జరగదబ్బా. అచ్చు ఏదీ? మూతి మీ పాతకారు లాగే గీసుండారే, దాని మీదే అచ్చు తీస్తే పోలా?" అన్నాడు.

ఆసామి ఆదివారం వస్తానన్నాడు. ఫోన్ చేసి నాలుగు రోజులు గడువడిగాను. మేస్త్రి వచ్చి హెడ్‌లైట్లు విప్పించాడు. బానెట్టుకి ఆరుసార్లు మైనం పట్టించాడు. రెజిన్‌లో హార్డనరు కలిపి, మ్యాటు పరిచి, బ్రష్షుతో పొడుస్తూ పొర మీద పొర వేశాడు. ఊపిరి తీస్తే ముక్కు మండిపోయింది. మూడో రోజు అచ్చు మూడు ముక్కలుగా ఊడదీశాం. ఒకచోట పెయింటు కూడా ఊడొచ్చింది. ఆసామి అది చూసి రెండు వేలు కోసేశాడు. కోయనీండి.

కారు ట్రక్కెక్కుతుంటే అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నేను మలుపు దాకా నడిచి వెనక్కి వచ్చాను. మేస్త్రి అచ్చు లోపల చేత్తో తడుముతున్నాడు.

"ఇక్కడ బుడిపె ఉండాది. పాత బండికి సొట్టుండె గదా, అదే. గీకేసేదా?"

"ఉండనీ మేస్త్రీ."

"కొత్త బండికి సొట్టెందుకు సార్?"

"ఉండనీ."

వానలు వెనకబట్టాక చాసిస్ వెల్డింగు మొదలు. సీట్లు రెండే. అచ్చు ప్రస్తుతం మా డాబా మీద బోర్లా పడుంది. నిన్న మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, అమ్మ దాని మీద పాతచీర పరిచి వడియాలు పెట్టేసింది.